ముసలమ్మ కొండెక్కిన సాయంత్రం

"ఒంటి గంట వరకే నీకు గడువు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మేష్టారు కళ్ళు తెరిచాడని ఇప్పుడే కబురొచ్చింది. ఒంటి గంటకు ఆసుపత్రికి వెళ్ళి, కళ్ళు తెరిచినవాడి చేత నోరు కూడా తెరిపిస్తాను."

డిటెక్టివ్ మేడ మీద సర్వర్ గది గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తోంది. ఏ గదికి వెళ్ళినా ఆమెది అదే పద్ధతి. కళ్ళు గదంతా తిరిగి వచ్చాక గానీ కాలు లోపల పెట్టదు. రెండేళ్ళ కిందట ఒక కేసులో ఇది చూసిన ఇన్‌స్పెక్టర్ ఆమెకు 'గుమ్మం' అని పేరు పెట్టాడు. ఆ పేరు అతను మానలేదు, ఆమె అలవాటూ మానలేదు.

"ఏమ్మా గుమ్మం, వినపడుతోందా?"

"వినపడిందండీ. ఒంటి గంట."

"మరి లోపలికి రా. గుమ్మంలో నిలబడితే దొంగ దొరుకుతాడా?"

"లోపలికి వెళ్ళిన మీకు దొరికాడా?"

"ఎప్పుడో దొరికాడు. పని కానిచ్చి, గుండెపోటు తెచ్చుకుని మంచమెక్కాడు. తప్పు చేసిన గుండె కదా, తట్టుకోలేకపోయింది."

పొద్దున ఆసుపత్రి వరండాలో మేష్టారి కూతురు చెప్పింది ఇంకా ఆమె చెవిలోనే ఉంది. "అక్కా, వార్డు తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు. నాన్నకు మెలకువ వచ్చి తల తిప్పితే ముందు కనిపించేది అతనే. ఎందుకొచ్చాడని అడిగితే ఏం చెప్పను? మనసు కలత పడే మాట ఒక్కటి కూడా చెవిన పడకూడదంటున్నారు డాక్టరు. నాన్న దొంగతనం చెయ్యరక్కా. ఆ సంగతి ఆయనకు తెలిసేలోపే తేల్చండి."

కేసు చూడబోతే చిన్నదే. అది ఆసుపత్రులకు మందులు పంపే గోదాము. ఏ మందు ఏ అరలో ఉంది, దేని గడువు ఎప్పుడు తీరుతుంది, ఏ ఆసుపత్రికి ఏది వెళ్ళాలి అన్న లెక్కంతా ఒకే ఒక పాత సర్వర్‌లో ఉండేది. దాని పేరు ముసలమ్మ. ఆ పేరు పెట్టింది, ఇరవై ఏళ్ళుగా దాన్ని కనిపెట్టుకుని ఉన్నది మేష్టారు. ఆయన బడిలో పాఠాలు చెప్పినవాడు కాదు. గోదాములో ప్రతి గుమాస్తాకూ కంప్యూటర్ నేర్పింది ఆయనే కాబట్టి ఆ పిలుపు వచ్చింది. నిన్న శుక్రవారం సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ గేటు దగ్గర కుప్పకూలాడు. ఈ ఉదయం చూస్తే ముసలమ్మలో ఒక్క లెక్కా మిగల్లేదు. అంతా తుడిచిపెట్టుకుపోయింది. లారీలు నింపే దిక్కులేక వరసగా నిలబడి ఉన్నాయి.

ఆమె అప్పుడు లోపలికి అడుగుపెట్టింది.

గదిలో రెండే యంత్రాలు. కొత్తది నల్లగా, బీరువాలా నిటారుగా ఉంది. పచ్చటి దీపాలు మిణుకుమంటున్నాయి. పాతది ఇనుప బల్ల మీద, పండిన ఆకు రంగులో, చిన్న తెరతో ఉంది. దాని ఫ్యాను కీచుకీచుమంటూ తిరుగుతోంది. బల్ల వెనక నేల మీద నీలం గళ్ళ గుడ్డ ఒకటి ఉండచుట్టి పడి ఉంది.

"ఈ గుడ్డ ఏమిటి?" అనడిగింది.

గది మూల కుర్చీ అంచున కూర్చున్న కన్సల్టెంట్ తలెత్తాడు. పాత సర్వర్ బదులు కొత్తది పెట్టడానికి గోదాము వాళ్ళు ఆర్నెల్ల కిందట పిలిపించిన కుర్రవాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినని మొహం. "తెలియదండీ. దుమ్ము తుడిచేదేమో" అన్నాడు.

"కాదు" అంది తలుపు పక్కన నిలబడిన యజమానురాలు. గోదాముకు పెద్ద ఆవిడే. భర్త పోయాక పగ్గాలు పట్టి ఇంతదాకా లాక్కొచ్చింది. "అది ముసలమ్మ దుప్పటి. యంత్రం ఆపేస్తే దుమ్ము పడకుండా కప్పేవారు మేష్టారు. ఏడాదికోసారి, సామానంతా లెక్కపెట్టే రోజున మాత్రమే ఆపేవారు. మళ్ళీ తీసేటప్పుడు మడతపెట్టి స్టూలు మీద పెట్టేవారు."

"స్టూలు మీదే పెట్టేవారా?"

"నేలమీద పడితే అదేదో పట్టుచీరైనట్టు గొడవచేసేవారు."

ఆమె గుడ్డను ముట్టుకోలేదు. తెర దగ్గరకు వంగింది. నల్లటి తెర మీద ఒకే వాక్యం ఉంది, తుడిచే పని పూర్తయిందని. మూలన తేదీ, సమయం. జనవరి ఒకటి. ఏడాది చూస్తే అప్పటికి ఆమె పలక పట్టిన పిల్ల. సమయం సాయంత్రం అయిదు.

ఆమె తన చేతి గడియారం చూసుకుంది. సరిగ్గా పన్నెండు.

"దీని గడియారం ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"అదే కదండీ నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది!" కన్సల్టెంట్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది. తనకు తెలిసిన దారిలోకి మాట వచ్చింది మరి. "టైము కూడా చెప్పలేని యంత్రం మీద ఇంత గోదాము నడుపుతున్నారు. దీని ఆపరేటింగ్ సిస్టమ్ అమ్మినవాళ్ళే దాన్ని వదిలేసి ఏళ్ళయింది. ఎక్కడైనా కన్నం బయటపడితే అతుకు వేసేవాళ్ళు లేరు. గోడలు గట్టివే, కానీ వీధి తలుపుకు గడియ లేదు. ఎవరైనా తోసుకు రావచ్చు. మేష్టారంటే నాకు గౌరవమే. కానీ ఆయన దీన్ని అమ్మమ్మలా చూసుకుంటారు తప్ప యంత్రంలా చూడరు."

"ఆ మాట అబద్ధం కాదు" అంది యజమానురాలు నీరసంగా. "ఎన్నాళ్ళు లాగుతామని నేనూ అడిగాను. లెక్కలన్నీ కొత్తదానికి నేర్పే వరకూ ఉండనివ్వమన్నారు. ఈ అబ్బాయి నేరుగా క్లౌడ్‌కు ఎక్కించేద్దామన్నాడు. ఇద్దరి మధ్యా ఆర్నెల్లు నలిగాను."

"నలిగేదేముంది మేడమ్, ముసలాయన తన దారి తను చూసుకున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "క్లౌడ్‌కు ఎక్కించానని ఆయనే మెసేజ్ పెట్టాడు. కంపెనీ క్లౌడ్‌లో చూస్తే సున్నా. అంటే ఎక్కడికి ఎక్కించాడు? తన సొంత ఖాతాలోకి. ఇక్కడ తుడిచేశాడు. ఆసుపత్రుల చిట్టా కావాలనే పోటీవాళ్ళు లేరా ఏమిటి! ఇందులో ఇంకా పరిశోధించడానికి ఏముంది?"

"మెసేజ్ మీరు చదివారా, విన్నారా?"

"ఏమిటీ?"

"క్లౌడ్‌కు ఎక్కించానని మేష్టారు రాసింది మీ కళ్ళతో చదివారా, ఎవరైనా చెబితే విన్నారా?"

ఇన్‌స్పెక్టర్ కన్సల్టెంట్ వైపు చూశాడు. కన్సల్టెంట్ నేల వైపు చూశాడు.

"చెప్పారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అయితే?"

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యడానికి తాడు పట్టుకు బయల్దేరారన్నమాట."

"గుమ్మం, నోరు అదుపులో పెట్టుకో. ముందు ముందు కూడా నా స్టేషన్‌కు వచ్చి పనులు చేయించుకోవాల్సిన దానివి."

"వస్తానండీ. గుమ్మంలోనే నిలబడతాను." ఆమె యజమానురాలి వైపు తిరిగింది. "మేడమ్, ఆ మెసేజ్ మీకూ వచ్చిందా?"

"ఇద్దరికీ పెట్టారు." ఫోను తీసి ఇచ్చింది. నిన్న సాయంత్రం ఆరుకు, గేటు దగ్గర పడిపోవడానికి కాస్త ముందు పంపినది. రెండే వాక్యాలు.

*ముసలమ్మను జాగ్రత్తగా కొండెక్కించాను. మిగతాది రేపు పొద్దున వచ్చి మాట్లాడతాను.*

ఆమె ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. అప్పటివరకూ బిగపట్టిన భుజాలు కొద్దిగా దిగాయి.

"ఇందులో క్లౌడ్ ఎక్కడుంది?"

"అదే కదండీ" అన్నాడు కన్సల్టెంట్. "కొండెక్కించాను అన్నారు. కొండ అంటే పైన. ఎక్కించాను అంటే అప్‌లోడ్ చేశాను. మేమంతా అలాగే అంటాం, డేటా ఎక్కించాం, సాఫ్ట్‌వేర్ ఎక్కించాం అని. ఆయన కాస్త చమత్కారంగా మాట్లాడతారు కదా, మబ్బు అనే బదులు కొండ అన్నారనుకున్నాను."

"మీరేమనుకున్నారు మేడమ్?"

"ధరలు కొండెక్కాయంటారు కదా. పైకి పంపారనే నేనూ అనుకున్నాను. అంతలో ఆయన పడిపోయారని కేక వినపడింది. ఇంక ఆ మెసేజ్ ఎవరికి గుర్తు!"

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోను అందించింది. "ఇప్పుడు చదవండి. మీ ఇంట్లో దీపం ఆరిపోతే మీ పెద్దవాళ్ళు ఏమనేవారు?"

"దీపమా? దీపానికీ దీనికీ..." అంటూనే అతను ఆగిపోయాడు. ఫోను తెర మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. పెదవులు ఆ మాటను శబ్దం లేకుండా ఒకసారి పలికాయి. "మా అమ్మమ్మ..." అన్నాడు, గొంతు సవరించుకుని. "ఆరిపోయింది అంటే నెత్తిన మొట్టేది. ఆ మాట అనకూడదు, దీపం కొండెక్కింది అనాలి అనేది."

"మా ఊరి బళ్ళో మా టీచరమ్మ కూడా అంతే. ఇరవై ఏళ్ళు కనిపెట్టుకున్నదాన్ని ఆపేశాననో ఆర్పేశాననో రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. కొండెక్కించాను అన్నారు. ఎక్కడికీ పంపలేదు. ఆపారంతే. ఆపి దుప్పటి కప్పి ఇంటికి బయల్దేరారు."

బల్ల మీద ఫ్యాను కీచుమంటూ తిరుగుతూనే ఉంది.

ముందుగా తేరుకున్నది ఇన్‌స్పెక్టరే. "మాట సంగతి సరే. తుడిచేసి, ఆ తర్వాత ఆపి ఉండొచ్చుగా? మాటకు అర్థం మారినంత మాత్రాన పోయిన సొత్తు తిరిగి రాదు."

"ఆపేసిన యంత్రం ఇప్పుడు ఎందుకు తిరుగుతోందండీ?"

అతను ముసలమ్మ వైపు చూశాడు. అది నిజంగానే తిరుగుతోంది.

"కరెంటు పోయి వచ్చి ఉంటుంది. దానంతటదే లేచి ఉంటుంది."

"పోలేదు" అంది యజమానురాలు. "కింద మందుల శీతల గదులున్నాయి. ఒక్క నిమిషం కరెంటు పోయినా సైరన్ వీధి వీధంతా వినపడుతుంది. నిన్న ఉదయం నుంచీ ఒక్కసారి కూడా మోగలేదు."

"మేడమ్, ఎప్పుడైనా కరెంటు పోయి వచ్చాక మేష్టారు ఏం చేసేవారు?"

"ముసలమ్మకు టైము చెప్పి వస్తానంటూ పైకి పరుగెత్తేవారు. ఆయన దిగి వచ్చే వరకూ కింద ఎవరూ ఒక్క అంకె కూడా కొట్టకూడదు. ఆయన చాదస్తం అనుకునేదాన్ని."

"చాదస్తం కాదు" అన్నాడు కన్సల్టెంట్ తెలియకుండానే. అతనిలోని పనివాడు మాట్లాడుతున్నాడు. "లోపల బొత్తామంత బ్యాటరీ ఒకటుంటుంది. యంత్రం ఆగినా గడియారం మాత్రం ఆగకుండా నడిపించేది అదే. ఇది పాతది కదా, అది చచ్చిపోయి ఉంటుంది. అప్పుడు ఆపి తీస్తే గడియారం మొదటికి వెళ్ళిపోతుంది. యంత్రం తయారైన ఏడాది, జనవరి ఒకటి, అర్ధరాత్రి..."

అతని గొంతు అక్కడే ఆగిపోయింది. తను ఏం చెబుతున్నాడో తనకే వినపడింది.

డిటెక్టివ్ నెమ్మదిగా అందుకుంది. "అర్ధరాత్రి నుంచి మళ్ళీ లెక్క మొదలవుతుంది. ఇప్పుడు తెర మీద సాయంత్రం అయిదు చూపిస్తోంది. అంటే మళ్ళీ లేచి పదిహేడు గంటలైంది. ఇప్పుడు పన్నెండు. పదిహేడు గంటలు వెనక్కి లెక్కపెట్టండి ఇన్‌స్పెక్టర్ గారూ."

ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. ఒక చెయ్యి చాలక రెండో చెయ్యి కూడా తీశాడు. "నిన్న సాయంత్రం ఏడు."

"మేష్టారిని అంబులెన్స్ ఎప్పుడు తీసుకెళ్ళింది మేడమ్?"

"ఆరుంబావుకు. నేనూ దాంట్లోనే వెళ్ళాను. ఏడింటికి ఆయన ఐసీయూలో ఉన్నారు. నేను బయట బల్ల మీద ఉన్నాను." ఆమె నుదురు కొట్టుకుంది. "అయ్యో. ఆయన మీద నేను సంతకం పెట్టి ఫిర్యాదు ఇచ్చాను."

"తుడిచే పని పూర్తయిందన్న వాక్యం ఈ తెర మీదే ఉంది. అంటే అది ముసలమ్మ మళ్ళీ లేచాకే జరిగింది. లేపినవాళ్ళకు దుప్పటి మడతపెట్టాలని తెలియదు, టైము చెప్పాలనీ తెలియదు. ఆ రెండూ తెలిసిన మనిషి ఈ గోదాములో ఒక్కరే. ఆయన కాదని ఈ గడియారమే సాక్ష్యం చెబుతోంది."

ఇన్‌స్పెక్టర్ తెర మీది టైము మరోసారి చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు. "ఆఁ, నేనే. ఆ వార్డు దగ్గర్నుంచి లేచి వచ్చెయ్. అవును, ఇప్పుడే. పేషెంటు కంట పడకుండా రా." ఫోను పెట్టేసి, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "ఇది నీకోసం చేశాననుకోకు."

"అనుకోనండీ." కానీ ఆమె మొహంలో తేటదనం దాగలేదు. కిటికీ అంచుకు ఆనుకుని గట్టిగా గాలి పీల్చుకుంది.

"సరే, ఏడింటికి లేపిందెవరు?" ఇన్‌స్పెక్టర్ మెట్ల దగ్గరకు వెళ్ళి కేకేశాడు. "వాచ్‌మన్! పైకి రావయ్యా!"

వాచ్‌మన్ ఆయాసపడుతూ వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు, మొహాన మాత్రం చెదరని చిరునవ్వు.

"నిన్న సాయంత్రం ఈ గది తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే సార్. మేష్టారిని బండిలోకి ఎక్కించేటప్పుడు ఆయన జేబులోంచి జారి పడింది. తీసి దాచాను."

"ఎవరికైనా ఇచ్చావా?"

"అడిగితే ఇచ్చాను."

"ఎవరడిగారు?"

"ఇదుగో, మన మబ్బుల బాబు." వాచ్‌మన్ కన్సల్టెంట్‌ను చూపించాడు. ఎప్పుడు చూసినా క్లౌడ్ క్లౌడ్ అంటాడని గోదాములో అతనికి ఆ పేరు. "ఆరున్నర దాటాక వచ్చారు. ఎనిమిదింటికి తాళం తిరిగి ఇచ్చేసి వెళ్ళారు."

"పొద్దున నేనడిగితే చెప్పవేం?" ఇన్‌స్పెక్టర్ గొంతు పైకి లేచింది.

"మీరు దొంగలెవరైనా వచ్చారా అనడిగారు సార్. దొంగలు రాలేదని చెప్పాను. బాబు దొంగ కాదు కదా."

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. డిటెక్టివ్ మాత్రం కన్సల్టెంట్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మీరు దొంగ కాదని నేనూ అనుకుంటున్నాను. ఏం జరిగిందో మీరే చెప్పండి."

కుర్రవాడి కళ్ళు నిండాయి. "క్లౌడ్‌కు ఎక్కించేశారని నమ్మానండీ. ఎక్కించాక పాతదాన్ని అదే రోజు తుడిచెయ్యాలి. అది మా పద్ధతి. గడియ లేని ఇంట్లో సామాను ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు. మేష్టారికి ఆపద వచ్చింది, కనీసం ఆయన మొదలుపెట్టిన పనైనా పూర్తి చేద్దామనుకున్నాను. వచ్చేసరికి యంత్రం ఆపేసి ఉంది. లేపాను. తుడవమని చెప్పి, కాసేపు చూసి వెళ్ళిపోయాను. పొద్దున క్లౌడ్ తెరిస్తే ఏమీ లేదు. కాళ్ళ కింద నేల కదిలిపోయింది."

"అప్పుడే చెప్పాల్సింది."

"చెబుదామనే వచ్చాను. ఈయన తలుపు దగ్గరే నిలబెట్టి, ఎవరు తుడిచారయ్యా అని గద్దించారు. నోరు పెగల్లేదు. మేష్టారు ఎక్కించానని మెసేజ్ పెట్టారండీ అన్నాను. అంతే. మిగతా కథంతా ఈయనే అల్లుకున్నారు. నేను కాదనలేకపోయాను."

"నేనల్లానా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అల్లారు" అంది యజమానురాలు. "నేను దారం అందించాను." ఆమె గోడకు చేరగిలబడింది. కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. "మేష్టారు మచ్చ లేకుండా బయటపడ్డారు. నాకదే చాలు. లెక్కలు పోతే పోయాయి. సామాను మళ్ళీ ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుందాం. నెల పట్టినా సరే."

డిటెక్టివ్ ఆ మాట వింటూనే మెసేజ్‌ను మనసులో మరోసారి చదువుకుంది. రెండో వాక్యం దగ్గర ఆగింది. *మిగతాది రేపు పొద్దున వచ్చి మాట్లాడతాను.* సోమవారం దాకా ఆగగలిగే లారీలు కావు అవి, ఈ శనివారం ఉదయమే బయల్దేరాల్సినవి. అంత పద్ధతైన మనిషి, మర్నాడు గోదాము నడవాలని తెలిసీ, ముసలమ్మను ముందురోజు సాయంత్రం ఎందుకు ఆపుతాడు? దాని పని ఇంకెవరో చేస్తారని తెలిస్తే తప్ప ఆపడు.

మేష్టారి కూతురికి ఫోను చేసింది. లోపల డాక్టరు ఉన్నారేమో, ముప్పావుగంట ప్రయత్నించాక గానీ ఎత్తలేదు.

"అక్కా!" అవతలి గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "కానిస్టేబుల్ వెళ్ళిపోయాడక్కా! నాన్న చూడనే లేదు. ఏం చేశారు?"

"తర్వాత చెబుతాను. నాన్నగారు మాట్లాడగలుగుతున్నారా?"

"మాస్కు తీశారు. ఒకటి రెండు మాటలు ఫరవాలేదన్నారు డాక్టరు. కంగారు పెట్టే మాటైతే మాత్రం అడగను."

"కంగారు పెట్టేది కాదు. ముసలమ్మ పని ఇవాళ్టి నుంచి ఎవరు చేస్తారని ఊరికే అడుగు, అంతే."

ఫోనులో గుసగుసలు. మంచం కదిలిన చప్పుడు. బరువైన ఊపిరి. గదిలో అందరూ డిటెక్టివ్ చేతిలోని ఫోను చుట్టూ మూగారు.

"అక్కా, నాన్న ఏదో అంటున్నారు. ఎవరో ఎందుకు, ముసలమ్మే చేస్తుంది అంటున్నారు. ఆవిడ కొత్తింట్లో అద్దెకు దిగిందట. నిన్న మధ్యాహ్నమే సామానుతో సహా దింపానంటున్నారు. పాతిల్లు ఖాళీ అయిందని తాళం వేశారట. మత్తులో ఏదో మాట్లాడుతున్నారేమో అక్కా..."

"మత్తు కాదు" అంటూ కన్సల్టెంట్ లేచాడు. లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. మొహంలో నెత్తురు లేదు. "గెస్ట్! నిన్న రాత్రి కొత్త సర్వర్‌లో ఒక గెస్ట్ కనిపించింది. ఒక యంత్రం లోపల ఇంకో యంత్రాన్ని బొమ్మలా, ఉన్నదున్నట్టు నడిపించవచ్చు. అచ్చం ఇంట్లో అద్దెకున్నట్టే. ఎవరో పరీక్షకు పెట్టి మరిచిపోయారనుకున్నాను. చోటంతా తినేస్తోందని..."

"అని?"

"తీసెయ్యమని పెట్టాను. శనివారం మధ్యాహ్నం శుభ్రం చేసే పని దానంతటదే నడుస్తుంది. ఒంటి గంటకు!"

డిటెక్టివ్ గడియారం చూసింది. ఒంటి గంటకు ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు.

"ఆపు!" అని అరిచింది. ఆమె అంత గట్టిగా అరవడం ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ వినలేదు.

కుర్రవాడు నల్ల యంత్రం ముందు మోకాళ్ళ మీద కూలబడి కీబోర్డు లాక్కున్నాడు. పాస్‌వర్డ్ తప్పింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పింది. మూడోసారి తప్పితే పావుగంట దాకా లోపలికి రానివ్వదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే అబ్బాయ్, నేనిక్కడ లేననుకో. ఒక్కొక్క అక్షరం మెల్లగా కొట్టు."

కుర్రవాడు కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, ఒక్కొక్కటే కొట్టాడు. తెర తెరుచుకుంది. వరసలో మొదటి పని, ఒంటి గంటది, ఎర్రగా వెలుగుతోంది. దాన్ని నొక్కాడు. నిజంగా రద్దు చెయ్యాలా అని అడిగింది.

"చెయ్యాలనే చెప్పవయ్యా, అడుగుతోందిగా!" అంది యజమానురాలు.

చెప్పాడు. ఎర్రటి గీత మాయమైంది. కింద గోదాము గంట ఒకటి కొట్టింది.

కన్సల్టెంట్ మెల్లగా ఆ గెస్ట్‌ను తెరిచాడు. పండిన ఆకు రంగు యంత్రం మీద ఇరవై ఏళ్ళుగా కనిపించిన అదే పాత తెర, ఇప్పుడు కొత్త యంత్రం కడుపులోంచి పైకి వచ్చింది. అరలు, మందులు, గడువులు, ఆసుపత్రుల పేర్లు, నిన్న మధ్యాహ్నం దాకా ఒక్కటీ చెక్కుచెదరలేదు. యజమానురాలు ఆ తెరను చేత్తో తడిమి, మెట్ల వైపు తిరిగి కేకేసింది. "లారీలు గేటు దగ్గర పెట్టమను! గుమాస్తాలందరినీ రమ్మను!" వాచ్‌మన్ మోకాళ్ళ నొప్పులు మరిచి దిగాడు.

"వీధి తలుపు కూడా మూసేశారు" అన్నాడు కన్సల్టెంట్ తెర మీదే కళ్ళు పెట్టి, నమ్మలేనట్టు. "బయటి నెట్‌వర్క్ అసలు ఇవ్వలేదు. లోపలి గుమాస్తాలతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడదు. గడియ లేదని నేను ఆర్నెల్లు అరిస్తే, ఆయన ఏకంగా తలుపే లేని గదిలో పెట్టారు. ఇలాగైతే కొత్తదానికి అన్నీ నేర్పే వరకూ నిశ్చింతగా ఉండొచ్చు. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"మిగతాది రేపు వచ్చి మాట్లాడతాను అన్నారుగా" అంది డిటెక్టివ్. "రేపటికి రాలేకపోయారు పాపం."

యజమానురాలు ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "మరి నేనిచ్చిన ఫిర్యాదు?"

అతను లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "చించేద్దాం. ఎవరి మీద రాయమంటారు కేసు? ఒక మాట మీదా?" డిటెక్టివ్‌ను దాటి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. ఏదో అనబోయి, టోపీ సర్దుకున్నాడు. "మా అమ్మమ్మ ఉండి ఉంటే పొద్దున్నే తేల్చేసేది" అని మాత్రం అని మెట్లు దిగాడు.

ఫోను ఇంకా తెగలేదు. "అక్కా, అక్కడేం జరుగుతోంది? ఎవరో అరిచారు!"

"అంతా మంచే జరిగింది. నాన్నగారి అద్దెమనిషి క్షేమం."

కన్సల్టెంట్ చెయ్యి చాచాడు. ఆమె ఫోను ఇచ్చింది. అతను ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "మేష్టారికి చెప్పండి. పాతదాన్ని తుడిచింది నేనే. కొండెక్కించాను అంటే పైకి ఎక్కించారనుకున్నాను. కోలుకున్నాక ఆయన ఏం శిక్ష వేసినా సరే."

అవతల గుసగుస. ఆ తర్వాత బలహీనంగా, బొంగురుగా, తెరలు తెరలుగా ఒక నవ్వు వినపడింది. దాని మీదుగా కూతురి గొంతు.

"నాన్నా, నవ్వకండి, డాక్టరు తిడతారు! హలో, ఉన్నారా? ఏమంటున్నారంటే... అబ్బాయిని కంగారు పడొద్దను, సోమవారం ఆసుపత్రికి రమ్మను, ఈలోపు తెలుగు కాస్త బుర్రలోకి ఎక్కించుకోమను అంటున్నారు."